వృద్ధాశ్రమం తలుపు తట్టేదెవరు?



మీ ఊరి పొలిమేరలోనో, నగర శివారులోనో 'వృద్ధాశ్రమం' అన్న బోర్డు మీరు చూసే ఉంటారు. లోపల ఉన్నవారికి కడుపునిండా అన్నం పెడుతున్నారా, మందులు వేళకు ఇస్తున్నారా అని చూడవలసింది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబును మన చట్టాల చరిత్రలో వెతుకుదాం.

వృద్ధులకు ఆశ్రయమిచ్చే సంస్థలు మన దేశానికి కొత్త కాదు. 1882లోనే 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' అనే క్రైస్తవ సన్యాసినుల సంఘం కలకత్తాలో పేద వృద్ధుల సేవ ప్రారంభించింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1960లో పార్లమెంటు అనాథ శరణాలయాల, ధార్మిక గృహాల పర్యవేక్షణకు ఒక చట్టం చేసింది. అయితే అది స్త్రీల, పిల్లల గృహాలకే పరిమితమైంది. ముసలివారిని కుటుంబమే చూసుకుంటుందని ఆనాటి సమాజం నమ్మేది.

1992 నుండి కేంద్ర ప్రభుత్వం వృద్ధాశ్రమాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇస్తోంది. గ్రాంటు తీసుకున్న సంస్థ లెక్కలు చూపాలి, తనిఖీకి తలుపు తెరవాలి. మరి విరాళాలతోనో, నెలనెలా వసూలు చేసే రుసుముతోనో నడిచే ఆశ్రమాల సంగతి ఏమిటి? వాటికి ఈ షరతు వర్తించదు.

2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని 19వ సెక్షన్‌ను గమనించండి. నిరుపేద వృద్ధులు కనీసం 150 మంది ఉండేలా జిల్లాకు ఒక ఆశ్రమాన్ని రాష్ట్రాలు 'ఏర్పాటు చేయవచ్చు' అన్నదే గాని, 'చేసి తీరాలి' అనలేదు. ఆశ్రమాల ప్రమాణాలు నిర్ణయించే పనినీ రాష్ట్రాలకే వదిలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో తన నియమావళిని రూపొందించుకుంది. కాని ప్రైవేటు ఆశ్రమాలన్నీ రిజిస్టరు కావాలన్న నిబంధన మాత్రం కేంద్ర చట్టంలో లేదు.

2018 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఒక్కో జిల్లాలో ఎన్ని వృద్ధాశ్రమాలున్నాయో వివరాలు సేకరించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఎన్ని ఉన్నాయో తెలియనిదే వేటిని తనిఖీ చేస్తారు? 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు రిజిస్ట్రేషన్‌ను, కనీస ప్రమాణాలను ప్రతిపాదించింది. 2024లో 17వ లోక్‌సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది.

తనిఖీ ఎందుకంత ముఖ్యం? ఆశ్రమంలోని వృద్ధుడు ఎవరిపై ఫిర్యాదు చేయాలో, మరుసటి పూట అన్నం వారి చేతిమీదుగానే తినాలి. అందుకే నోరు విప్పడు. ముందుగా కబురు పెట్టకుండా వెళ్ళి, నిర్వాహకులు పక్కన లేనప్పుడు మాట్లాడే అధికారి ఉంటేనే నిజం తెలుస్తుంది.

మీరు చేయగలిగినవీ ఉన్నాయి. ఎవరైనా వృద్ధులు ఇబ్బందుల్లో ఉన్నట్లు తెలిస్తే, 14567 నంబరుకు ఫోన్ చేయండి. 2017లో హైదరాబాదులో మొదలైన ఈ సేవ 2021లో దేశమంతటికీ విస్తరించింది. మీ జిల్లాలో ఎన్ని ఆశ్రమాలున్నాయో, వాటిని చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. ఒక దరఖాస్తు రాసి చూడండి.