కుక్కల్లో హార్ట్‌వర్మ్ చికిత్స

దోమకాటుతో కుక్క ఒంట్లో చేరే డైరోఫిలేరియా ఇమిటిస్ అనే పురుగు పెరిగి, ఊపిరితిత్తుల ధమనుల్లోనూ, ముదిరితే గుండెలోనూ కాపురం పెడుతుంది. ఆడపురుగు 25-30 సెంటీమీటర్ల పొడవుంటుంది. సోకిన ఆరు నెలల వరకూ సాధారణంగా యాంటీజెన్ రక్తపరీక్షకు దొరకదు.

అమెరికన్ హార్ట్‌వర్మ్ సొసైటీ పద్ధతిలో, పశువైద్యుడు రెండో పరీక్షతో వ్యాధిని నిర్ధారించుకుని, ఎక్స్‌రేతో తీవ్రత అంచనా వేస్తాడు. నెలనెలా వేసే నివారణ మందుతోపాటు నాలుగు వారాలు డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఇది దెబ్బతీసేది పురుగులో బతికే వొల్బాకియా బ్యాక్టీరియాను. వ్యాధి తేలిన 60వ రోజున, పురుగులను చంపే మెలార్సొమిన్ మొదటి ఇంజెక్షన్, 90, 91 రోజుల్లో మిగతా రెండూ నడుము కండరంలో లోతుగా పడతాయి.

అసలు గండం ఆ తర్వాతే. చచ్చిన పురుగుల ముక్కలు ఊపిరితిత్తుల నాళాలకు అడ్డుపడతాయి. కుక్క పరుగెడితే ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే వ్యాధి తేలిన రోజునుంచి చివరి ఇంజెక్షన్ దాటి 6-8 వారాల దాకా గెంతులు, మెట్లెక్కడాలు బంద్. ఒంటికీ రెంటికీ కూడా పట్టీ కట్టే బయటికి తీసుకెళ్లాలి. కుర్ర కుక్కను అన్నాళ్లు కట్టడి చేయడం మాటలు కాదు. ఇంట్లో ఆ పని ఎవరిదో వైద్యుడి దగ్గరే తేల్చుకోవడం మేలు. దగ్గు, ఆయాసం కనిపిస్తే ఆగకుండా చూపించాలి. చివరి ఇంజెక్షన్ తర్వాత తొమ్మిది నెలలకు యాంటీజెన్ పరీక్ష మళ్లీ చేస్తారు.