ఆత్మమోహము: అమెరికాదేశమున దాని పూర్వచరిత్ర

పాశ్చాత్యులు "నార్సిసిజ"మని వ్యవహరించు భావమునకుఁ దెలుఁగునఁ గొందఱు "ఆత్మరతి" యను పదమును వాడుచున్నారు. ఈ ప్రయోగము విచార్యము. భగవద్గీత తృతీయాధ్యాయమున నాత్మరతి యనఁగా నాత్మయందే యానందించి, దేనికొఱకును బరుల నాశ్రయింపని జ్ఞాని. రోమక కవి యోవిదు చెప్పిన నార్సిస్సుఁడో, నీటియందలి తన నీడను వలచి దానిని విడువలేక నశించినవాఁడు. మొదటివాఁడు తనయందే తృప్తుఁడు. రెండవవాఁడు ప్రతిబింబమునకు దాసుఁడు. కావున నిందు "ఆత్మమోహ"మనియే వాడెదను.

1979లో క్రిస్టఫర్ లాష్ అను చరిత్రకారుఁడు తన దేశపు నాగరకతను ఆత్మమోహసంస్కృతి యని పేర్కొని గ్రంథము రచించెను. అంతకు మూఁడేండ్ల ముందు టామ్ వుల్ఫ్ ఆ దశాబ్దమునకు "నేను" దశాబ్దమని పేరిడెను. దీనిఁ బట్టి యీ గుణ మపుడే పుట్టినదని తలఁచుట పొరపాటు.

1630లో జాన్ విన్‌త్రప్ నాయకత్వమున మసాచుసెట్స్ తీరముఁ జేరిన ప్యూరిటనులు ఆత్మప్రీతిని పాపముగా నెంచినవారు. అయినను, తాము దైవానుగ్రహపాత్రులమో కామో యని కలఁతఁ జెంది, వారిలోఁ బలువురు దినచర్యలు వ్రాసికొని మనస్సును నిరంతరము పరీక్షించుకొనుచుండిరి. తన్నుఁ దాను గనిపెట్టు నభ్యాసమున కదియొక మూలము. అచట సాక్షి భగవంతుఁడు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ యభ్యాసమును లౌకికము గావించెను. 1771లో నారంభించిన స్వీయచరిత్రయందు, 13 సద్గుణములకుఁ బట్టిక వేసికొని, తప్పినపుడెల్లఁ జుక్క పెట్టుకొన్న విధమును వర్ణించెను. వానిలోఁ గడపటిది వినయము. గర్వమును జయించినను ఆ వినయమునకే గర్వింతునేమో యని యతఁడే యొప్పుకొనెను. ఇచట సాక్షి లెక్కపుస్తకము.

1855లో వాల్ట్ విట్మన్ తన కావ్యమును, ముఖపత్రమునఁ బేరు లేక, చిత్రముతో మాత్రము ప్రకటించి, దానిని మెచ్చుకొనుచుఁ దానే యనామకముగా విమర్శలు వ్రాసెను. సాక్షి పాఠకలోకమయ్యెను. 20వ శతాబ్దమున హితోపదేశగ్రంథములలో శీలమునకున్న స్థానమును బరుల నాకర్షించు వ్యక్తిత్వ మాక్రమించినదని వారెన్ సస్మన్ అను చరిత్రకారుఁడు చూపెను. మిత్రులను సంపాదించు నుపాయములఁ జెప్పిన డేల్ కార్నెగీ గ్రంథము 1936లో వెలువడి లక్షలకొలఁది ప్రతులు చెల్లెను. సాక్షి యంగడి యయ్యెను.

కొందఱు ఎమర్సనును గూడ నీ వరుసలోఁ జేర్తురు. అది న్యాయము కాదు. స్వావలంబనమును గూర్చిన యతని 1841 నాఁటి వ్యాసము లోకుల మెప్పును లెక్కింపవలదనియే బోధించినది. ఆత్మమోహికి ఆ మెప్పే ప్రాణము.

లాష్ సిద్ధాంతసారమును నిదియే. ఆత్మమోహము స్వప్రీతి పొంగిపొరలుట కాదు. లోనిది శూన్యమగుటచే నితరుల కన్నులను దర్పణముగాఁ గోరుట. పరీక్షించు నలవాటు నిలిచి, సాక్షి మాత్రము మాఱుటయే యీ చరిత్రక్రమమని నా యభిప్రాయము.

ఒక హెచ్చరిక యవసరము. 1980లో నమెరికా మనోవైద్యులు తమ రోగపట్టికలోఁ జేర్చిన ఆత్మమోహవికారము వ్యక్తులకుఁ జెందిన నిర్ణయము. జాతి కంతటికి నా పేరిడుట శాస్త్రము కాదు, ఉపమానము మాత్రమే. ఉపమానమును శాస్త్రమని భ్రమించుట యెట్లు దోషమో, జ్ఞానివాచకమును మోహమున కంటఁగట్టుటయు నట్లే దోషము. పదము చెడినచోఁ దత్త్వమును జెడును.