త్సుబా: నంబాన్ అను పేరును దాని యానవాళ్ళును

జపానీయుల ఖడ్గమున అలుగునకును పిడికిని నడుమ నొక లోహపుబిళ్ళ యుండును. దానికి వారిభాషలో త్సుబా యని పేరు. అమరకోశమున ఖడ్గముష్టికి జెప్పబడిన త్సరుశబ్దముతో దీనిని ముడిపెట్ట నుత్సాహపడువా రుండవచ్చును గాని, దీని ప్రాచీనరూపము త్సుమిహ యగుటచే నాముడి నిలువదు. ధ్వనిసామ్యము చూపని త్రోవను వర్తకచరిత్రము కొంత చూపుచున్నది.

నెల్లూరుతీరపు దక్షిణపుకొన ప్రళయకావేరి సరస్సు. ఆ సరస్సు తెన్నంచున, నేడు తమిళనాట జేరియున్న పులికాటున, డచ్చివారు 1610లో వర్తకస్థానము నేర్పఱచుకొని 1613లో గెల్డ్రియా కోటను నిలిపిరి. 1690 వఱకు చోళమండలతీరమున వారి ముఖ్యస్థాన మదియే. ఆ కంపెనీవారే 1609 మొదలు హిరాడోలోను, 1641 మొదలు నాగసాకియందలి దెజిమా ద్వీపమునను వ్యాపారము సల్పిరి. ఈ తీరపు నూలుబట్టలు బతేవియా మీదుగా నచ్చటికి బోయెను. చారలబట్టకు జపానులో సాంతోమె యను పేరు కలదు. అది మైలాపురమునందలి శాంతోమునుండి పుట్టినది. బట్ట తన యూరిపేరు మోసికొనిపోయినది.

త్సుబా కట్టి భాగ్యము లేదు. నంబాన్ అనగా దక్షిణదేశపు మ్లేచ్ఛులు. గోవా, మకావుల మీదుగా దక్షిణపుసముద్రమునుండి వచ్చిన పోర్చుగీసువారికి జపానీయులు పెట్టిన పేరిది. పిదప విదేశచ్ఛాయ గల వస్తువుల కెల్ల బ్రాకెను. 17వ శతాబ్దారంభమున ఎచిజెన్ యసుత్సుగు అను కమ్మరి తన కత్తులపై నంబాన్ ఇనుముతో జేసితినని చెక్కియున్నాడు. ఆ యినుము ఏ గనిదో యామాట చెప్పదు.

కావున త్సుబాను దాని యంగములబట్టియే గుర్తింపవలెను. నడుమ అలుగుకాడ దూరు రంధ్రము నకాగో-అన. జపాను కత్తిది వెన్నువైపు వెడల్పై, పదునువైపు సన్నమగును. దానిచుట్టు నున్న దీర్ఘవృత్తపు నునుపుచోటు సెప్పా-దై. పనివాని పేరు సాధారణముగా నిచ్చటనే యుండును. దాని కిరుప్రక్కల హిత్సు-అన లను రంధ్రములు: అర్ధచంద్రాకారము గలది చిన్నకత్తి కొఱకు, రేకులుగా దీర్చినది కోగై యను శలాక కొఱకు. అంచునకు మిమి యని పేరు. ఆ మాటకు చెవి యనియే యర్థము.

నంబాన్ త్సుబాలలో నొండొంటి క్రిందుగా దూరిపోవు తీగలయల్లిక, మణికై పెనగు జంటనాగములు తఱచు. ఇనుముపై నేతవలె సన్నని గాట్లు పెట్టి బంగారపు ఱేకు నదిమెదరు; ఈ పనికి నునొమె యని పేరు, అనగా బట్టనేత. సెప్పా-దై మాత్రము పెక్కింట దీర్ఘచతురస్రమై చీనాఖడ్గపు పోలిక చూపును. తీగల నడ్డముగా దెగగోసి హిత్సు-అన తొలిచియున్నచో, అది వేఱొక ఖడ్గమునకై చేయబడి పిదప మార్పబడిన దనుట సహజము. రంధ్రము నంటియే తీగలు మలుపు దిరిగినచో మొదటినుండియు జపాను కత్తికొఱకే యనుకొనవచ్చును. కాడరంధ్రమునకు రాగిముక్క లతికించిన గుర్తు లింత చెప్పవు. ఒక్క త్సుబా పలు అలుగులకు మాఱుట సామాన్యము.

ఇట్టివానిలో గొన్ని చోళమండలతీరపు పనివారు చేసినవని యిటీవలి పరిశోధకులు కొందఱు తలచుచున్నారు. అసంభవము గాదు, ఓడలు పోయిన మాట నిజము. కాని తీగయల్లిక చీనాలోను గలదు, జపానుపనివారును దానిని విరివిగా ననుకరించిరి. అల్లికను జూచి పులికాటు పేరు చెప్పుట తొందరపాటు. 1876లో కత్తి ధరించుట నిషిద్ధమైన పిదప వేలకొలది త్సుబాలు అలుగులను వీడి సంగ్రాహకుల పెట్టెలకు జేరినవి గనుక, ముందుగా రంధ్రముల కోతయు సెప్పా-దై యాకృతియు జూడవలెను. అల్లిక యా తరువాత.