ట్రౌట్‌కు కావలసిన కంకర

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలు తూర్పున ఓవెన్స్ లోయలోకి గోడలా దిగుతాయి. ఆ వాలు మీద దూకే ఏళ్లలో నేడు ట్రౌట్ చేపలకు కొదవ లేదు. నూట యాభై ఏళ్ల కిందట మాత్రం ఒక్కటీ లేదు. బంగారు రంగు ట్రౌట్ శిఖరాలకు అవతల, కెర్న్ నది ఎగువన ఉండేది. 1876లో స్టీవెన్స్ అనే రంపపు మిల్లు యజమాని మల్కీ క్రీక్ నుంచి కొన్నిటిని కాఫీ కాచే గిన్నెలో తెప్పించి కాటన్‌వుడ్ క్రీక్‌లో వదిలించాడని చెబుతారు. అవి బతికాయి, పెరిగాయి.

నీళ్లుంటే చేపను వదలడమే అప్పటి పద్ధతి. చేపల పెంపకం నిపుణుడు లివింగ్‌స్టన్ స్టోన్ 1872లో కాలిఫోర్నియాలోనే మెక్‌క్లౌడ్ నది దగ్గర సాల్మన్ గుడ్ల కేంద్రం తెరిచాడు. 1879లో రెయిన్‌బో ట్రౌట్ వంతు వచ్చింది. 1883లో జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు అమెరికాలో దిగాయి. హేచరీ పిల్లలు డబ్బాల్లో, కంచరగాడిదల మీద కొండలెక్కాయి. ఎన్ని వదిలామన్న లెక్కే గానీ, అవి ఎక్కడ గుడ్లు పెట్టుకుంటాయన్న ఆరా చాలాకాలం వెనకబడే ఉంది.

ఆడ ట్రౌట్ పక్కకు ఒరిగి తోకతో అడుగునున్న కంకరను టపటపా కొడుతుంది. గుంట పడ్డాక గుడ్లు జారవిడుస్తుంది, మగది పక్కన చేరుతుంది. తర్వాత ఆడది కాస్త ఎగువకు జరిగి మళ్లీ తవ్వితే, లేచిన రాళ్లు ప్రవాహానికి వచ్చి గుడ్లను కప్పేస్తాయి. ఇక రాళ్ల సందుల్లో పారే నీరే వాటికి ప్రాణవాయువు అందించాలి; సన్న ఇసుక పూడిందా, గుడ్లు చచ్చినట్టే. రాయి సైజుకూ హద్దుంది. అది చేప పొడవులో సుమారు పదో వంతు వరకు ఉండవచ్చని పరిశోధకులు కొండాల్ఫ్, వోల్మన్ 1993లో తేల్చారు. జానెడు చేపకు రెండు సెంటీమీటర్ల రాయన్నమాట.

నిటారు వాలున్న ఏటిలో అంత చిన్న రాయి నిలవడమే కష్టం. పెద్ద గుండు చాటునో, మడుగు చివరనో, అడ్డం పడ్డ మాను ఎగువనో కాస్త పోగవుతుంది. 1978 నాటి ఫెడరల్ చట్టం ఇలాంటి ఏళ్ల నీటిని మళ్లించే చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు ఊతమిచ్చాక, ఈ పోగులు ఎంతకాలం ఉంటాయన్న ప్రశ్న పరిశోధకులకు ముఖ్యమైంది. కొండాల్ఫ్ బృందం తూర్పు సియెర్రా ఏళ్లలో గుర్తు పెట్టిన రాళ్లను ఉంచి చూసింది. మంచు బాగా కరిగిన 1986లో అవి దాదాపు అన్నీ కొట్టుకుపోయాయి. కరువు ఏడాది 1987లో పెద్దగా కదల్లేదు. 1991లో అచ్చయిన ఈ పరిశీలన రెండు జాతుల మధ్య ఒక తేడాను చూపింది. శరదృతువులో గుడ్లు పెట్టే బ్రౌన్ ట్రౌట్ పిల్లలు మంచు వరదకు ముందే కంకర వదిలి బయటపడగలవు. వసంతంలో పెట్టే రెయిన్‌బోకు ఆ వరద నెత్తిమీదికే వస్తుంది. మన పులస గోదావరి వరదను చూసే ఎదురీదుతుంది గానీ, ఇక్కడ వరద తప్పించుకున్నవాడిదే వంశం.

అలాగని వరదను ఆపేస్తే మేలా? పైనుంచి కొత్త కంకర తెచ్చేదీ, పేరుకున్న ఇసుకను కడిగేదీ అదే. లాస్ ఏంజలెస్ నగరం 1941 నుంచి మళ్లించుకున్న, తూర్పు సియెర్రాలోనిదే అయిన రష్ క్రీక్ చాలా ఏళ్లు ఎండింది. ఎనభైల మొదట్లో వానలు, మంచు ఎక్కువై నీరు పొర్లినప్పుడు ట్రౌట్ తిరిగి కనబడింది. వాటిని కాపాడాలంటూ 1984లో మొదలైన వ్యాజ్యాల తర్వాత, 1994లో రాష్ట్ర జలవనరుల బోర్డు ఏడాది పొడవునా కనీస ప్రవాహంతో పాటు, మంచు కరిగే కాలంలో ఏటి అడుగును కదిలించేంత నీటినీ వదలాలని నగరాన్ని ఆదేశించింది.