హెడ్డు బోల్టు: పాతదా, కొత్తదా?



డీజిలు ఇంజను హెడ్డు విప్పినప్పుడల్లా ఒక తగాదా వస్తూ వుంటుంది. మేస్త్రీ బోల్టులన్నీ ఊడదీసి కిరసనాయిలు పళ్లెంలో వేస్తాడు. గాస్కెట్టు కొత్తది తేవలసిందే, అందులో ఎవరికీ అనుమానం లేదు. మరి బోల్టుల సంగతి? "ఇనుము గదండీ, కడిగి మళ్లీ బిగిద్దాం" అంటాడొకడు. "సెట్టు మొత్తం మార్చందే నాకు పూచీ లేదు" అంటాడింకొకడు. ఇద్దరూ చెయ్యి తిరిగిన పనివాళ్లే. ఇద్దరి మాటా నిజమే. కాకపోతే ఇద్దరూ రెండు వేర్వేరు కాలాల బోల్టులను గురించి మాట్లాడుతున్నారు. ఆ సంగతి తెలియాలంటే బోల్టు పూర్వచరిత్ర కొంచెం చెప్పుకోవాలి.

వెనకటి రోజులలో ఇంగ్లండులో ఒక్కొక్క కార్ఖానాది ఒక్కొక్క మర. ఒకచోట చేసిన నట్టు ఇంకొకచోట చేసిన బోల్టుకు ఎక్కేది కాదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన మర కోణం 55 డిగ్రీలు వుండాలనీ, ఇంత లావు బోల్టుకు అంగుళానికి ఇన్ని మరలు వుండాలనీ ఒక లెక్క కట్టి ఇంజనీర్ల ముందు పెట్టాడు. ఆ తరవాతనే బోల్టు అంగట్లో కొనే సరుకయింది. అంతకు ముందు పాత బోల్టు పారేయడమనే ఆలోచన ఎవరికి వస్తుంది!

డీజిలు ఇంజను వచ్చేసరికి బోల్టు మీద బరువు పెరిగింది. జర్మనీలో ఆగ్స్‌బర్గ్ పట్నంలో రుడాల్ఫ్ డీజెల్ తన ఇంజనును 1893 ఆగస్టు 10న మొదటిసారి మండించినప్పుడు, ఒత్తిడి కొలిచే సాధనం పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. ఇంజను సరిగా కుదురుకునేసరికి 1897 అయింది. ఆ ఒత్తిడిని పట్టి వుంచేవి హెడ్డూ, దాని బోల్టులే గదా!

పొలాలకు బాగా అలవాటయిన ఇంజను ఇంగ్లండులో డర్స్‌లీ అనే వూళ్లో లిస్టరు కంపెనీ వారు 1930 ప్రాంతాల తెచ్చినది. రెండు పెద్ద చక్రాలు, ఒకటే సిలిండరు, తాపీ అయిన నడక. అందులో ఆరు గుర్రాల ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగేది. ఆ ఇంజను తయారీ ఇంగ్లండులో 1987లో ఆగిపోయినా, గుజరాతులోని రాజ్‌కోటలో దాని నకళ్లు ఏళ్ల తరబడి తయారయ్యాయి. మన దేశంలో 1946లో పూనాలో కిర్లోస్కరు ఆయిల్ ఇంజన్ల కంపెనీ పెట్టారు. మోట తోలిన బావుల గట్ల మీద పెంకుటి పాకలో ఇంజను చప్పుడు వినిపించడం మొదలయింది ఆ తరం ఇంజన్లతోనే.

ఒక చిన్న లెక్క వేయండి. ఆ ఆరు గుర్రాల ఇంజను సిలిండరు అడ్డకొలత నాలుగున్నర అంగుళాలు. లోపల మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి పుట్టిందనుకుంటే, హెడ్డును పైకి తన్నే బలం అయిదు టన్నులు దాటుతుంది. అది నిమిషానికి 325 మార్లు! నిండు చెరకు బండిని అన్నిసార్లు ఎత్తి పడేసినట్లు.

ఇంత దెబ్బ కాచుకోవడానికి ఆ ఇంజన్లకు లావుపాటి స్టడ్డులు పెట్టారు. స్టడ్డు అంటే తల లేని బోల్టు. ఒక కొన కింద నాటుకుని వుంటుంది, పై కొనకు నట్టు పడుతుంది. నట్టు బిగిస్తే స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది, స్ప్రింగు సాగినట్లే. తిరిగి పొట్టి కావాలని అది లాగే లాగుడే హెడ్డును అదిమి పెడుతుంది. సాగుడు ఒక హద్దులో వున్నంతవరకు, నట్టు వదిలితే స్టడ్డు యథాప్రకారం అవుతుంది. హద్దు దాటితే మాత్రం సాగినది సాగినట్లే వుండిపోతుంది. పాత కాలపు వారు స్టడ్డును కావలసిన దానికన్నా లావుగా చేసి, ఆ హద్దుకు చాలా ఇవతలనే బిగింపు ఆపేవారు. అందుచేత హెడ్డు పదిసార్లు విప్పినా ఆ స్టడ్డులు పనికివచ్చేవి. "కడిగి బిగిద్దాం" అనే మేస్త్రీ ఆ బడిలో చదువుకున్నవాడు. అతన్ని తప్పు పట్టరాదు.

కాని బిగింపు ఎంతో చెప్పేదెవరు? చాలాకాలం చేతి అంచనాయే. న్యూయార్కులో నీళ్ల గొట్టాల శాఖలో పనిచేసిన కాన్రాడ్ బాహ్ర్ అనే ఆయన, గొట్టాల బోల్టులను మనుషులు అతిగా బిగించి తెంచుతున్నారని 1918లో బలం చూపించే స్పానరు కనిపెట్టాడంటారు. అదే మన టార్కు రెంచి. ఈ రెంచికీ ఒక లోపం వుంది. మనం పెట్టే బలంలో సుమారు సగం నట్టు కింది రాపిడికి పోతుంది, మరో నలభై పాళ్లు మరల రాపిడికి పోతుంది, నూటికి పది పాళ్లే బోల్టును సాగదీస్తుంది. మరకు తుప్పు వుంటే ఒక రకం, నూనె వుంటే ఇంకొక రకం. రెంచి ముల్లు ఒకే అంకె చూపినా బోల్టుల్లో బిగువు ఒక్క తీరుగా వుండదు.

దీనికి విరుగుడుగా 1970లు, 80లలో మోటారు ఇంజన్లలో ఇంకొక పద్ధతి వాడుకలోకి వచ్చింది. ముందు రెంచితో కొద్దిగా బిగించి, ఆపైన ఇన్ని డిగ్రీలు తిప్పమంటారు. రాపిడి ఎట్లా వున్నా ఆ తిప్పుడుకు బోల్టు ఇంత సాగి తీరుతుంది. కొన్ని ఇంజన్లలో దాన్ని కావాలనే హద్దు దాటేదాకా సాగదీస్తారు. అక్కడ బిగువు అన్ని బోల్టులకూ ఇంచుమించు సమానంగా వస్తుంది. తరవాత మళ్లీ బిగించే పనీ వుండదు. కాని విప్పేసరికి బోల్టు మొదటికన్నా పొడుగయి వుంటుంది. రెండోసారి తిప్పితే ఇంకా సాగుతుంది, నడుము సన్నబడుతుంది. "సెట్టు మార్చాలి" అనే మేస్త్రీ ఈ ఇంజన్ల దగ్గర పని నేర్చినవాడు.

నష్టం ఎక్కడంటే, ఒక కాలం అలవాటును ఇంకో కాలం ఇంజను మీద ప్రయోగించడంలో. నేనెరిగిన రైతు ఒకాయన, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే అదనులో ట్రాక్టరు హెడ్డు విప్పించాడు. పంపు కూడా ఆ ట్రాక్టరు మీదనే నడిచేది. కొత్త బోల్టులు వేలల్లో అవుతాయని పాతవే వేయించాడు. వారం తిరక్కుండా రేడియేటరులో బుడగలు, ఇంజను ఆయిలు పాలలాగా తెల్లగా. రెండోసారి విప్పితే గాస్కెట్టు కాలివుంది, బోల్టు ఒకటి పెకలించగానే చేతిలో రెండు ముక్కలయింది. ఖర్చు మాట అటుంచండి, రెండు తడులు పోయాయి. ఆ పంట మళ్లీ వస్తుందా?

బిగువెక్కువయి బోల్టు తెగుతుందని మనం భయపడతాం. నిజానికి బిగువు చాలకనే ఎక్కువగా తెగుతుంది. గట్టిగా బిగిసిన బోల్టుకు ప్రతి దెబ్బలోనూ కొద్ది పాలే తగులుతుంది. వదులయినదానికి మొత్తం తగులుతుంది, అదీ క్షణక్షణం. ఇనుము కూడా అలిసిపోతుంది సుమండీ.

అట్లాగని డిగ్రీల లెక్కన బిగించే బోల్టులన్నీ ఒక్కసారికే సరి అనుకోకూడదు. 1980లలో అమెరికాలో కమిన్సు వారు, సేద్యపు యంత్రాలకు కూడా వుపయోగించేటట్లు చేసిన బి-సిరీసు ఇంజనుకు, బోల్టు పొడుగు కొలిచి, హద్దులో వుంటే తిరిగి వాడుకోవచ్చునని వారే చెప్పారు. కాబట్టి కంపెనీ పుస్తకమేమంటుందో ముందు చూడాలి. పుస్తకంలో బిగింపుకు వట్టి బలం అంకె మాత్రమే వుంటే చాలావరకు పాత తరహాది. డిగ్రీలు వుంటే జాగ్రత్త పడాలి. మార్చమని వుంటే మార్చవలసిందే, బేరం లేదు.

పాత తరహా స్టడ్డు అయినా కళ్లు మూసుకుని వేయవద్దు. కడిగి ఆరబెట్టి, నట్టును వేళ్లతోనే కిందిదాకా తిప్పి చూడండి. నడుమ ఎక్కడయినా పట్టేస్తే అక్కడ మర సాగిందన్నమాట. నీళ్ల గది పక్క స్టడ్డును తుప్పు సన్నగా తినేస్తుంది, దాన్ని వేరేగా చూడాలి. మార్చేటప్పుడు మర సరిపోయిందీ లేనిదీ చూసుకోండి. విట్‌వర్త్ మరకు మిల్లీమీటరు మర నట్టు రెండు చుట్లు ఎక్కి మోసం చేస్తుంది. ఇంకొకటి, బోల్టు దిగే గుంట అడుగున నూనెగాని నీళ్లుగాని నిలిచి వుంటే గుడ్డతో పిండి తీసేయాలి. బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకే పగులుతుంది.