బెంగళూరు పాత జైలు – పెన్న ఒడ్డు మనుషులు



హిందూపురం నుంచో, మదనపల్లె నుంచో, చింతామణి నుంచో బస్సెక్కి బెంగళూరు మెజెస్టిక్‌లో దిగనివాళ్ళు మన సరిహద్దు జిల్లాల్లో తక్కువ. కోర్టు పనికి, ఆసుపత్రికి, పట్టుచీరల బేరానికి, పిల్లల చదువుకు, ఏదో ఒక పనిమీద వెళ్ళే ఉంటారు. ఆ బస్టాండు ఒకప్పుడు చెరువు. దాని పేరు ధర్మాంబుధి. అక్కణ్ణుంచి శేషాద్రి రోడ్డు వైపు కాస్త నడిస్తే ఎత్తయిన రాతి గోడ ఒకటి కనిపిస్తుంది. నూటముప్ఫై ఏళ్ళ పైచిలుకు అది బెంగళూరు సెంట్రల్ జైలు గోడ. ఇప్పుడు లోపల ఉన్నది ఫ్రీడమ్ పార్కు. ఆ గోడ వెనకాల సంగతి ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను.

పాత చెరసాలలు తరచుగా నీటి పక్కనే కనిపిస్తాయి. శ్రీరంగపట్నంలో కావేరి పక్కన నేలమాళిగ ఉంది. 1780లో పొల్లిలూరు యుద్ధంలో పట్టుబడి, 1782లో చెరలోనే కన్నుమూసిన కర్నల్ బెయిలీ పేరుతో దాన్ని చూపిస్తారు. మన రాజమహేంద్రవరం జైలు గోదావరి ఊళ్ళోది. బెంగళూరుకు అలా చెప్పుకోదగ్గ నది లేదు. అయితే ఈ జైలు కథలో నది లేదనుకోకండి. మనకు బాగా తెలిసిన నదే ఇందులో ఉంది. కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

ఉపాధ్యాయుణ్ణి కనక ఒక మాట పక్కదారిలో చెప్పనివ్వండి. మనం చెర అంటాం, కన్నడిగులు సెరె అంటారు. మన చెరసాల వాళ్ళకు సెరెమనె. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినవి. తమిళంలోనూ దానికి తోబుట్టువు ఉంది, సిఱై. రాజ్యాలు ఎన్ని మారినా ఈ మాట మాత్రం మూడు భాషల్లోనూ నిలిచిపోయింది. ఎందుకు నిలిచిందో మీరే ఊహించుకోండి.

ఇక జైలు కట్టడం గురించి. 1831లో మైసూరు పరిపాలనను ఆంగ్లేయులు తమ చేతుల్లోకి తీసుకున్నారు. తిరిగి రాజుగారికి అప్పగించింది 1881లో. మధ్య యాభై ఏళ్ళూ కమిషనర్ల పాలన. వాళ్ళలో లూయిన్ బౌరింగ్ అనే ఆయన 1862 నుంచి 1870 దాకా ఉన్నాడు. ఈ రోజు హైకోర్టుగా ఉన్న ఎర్రటి అఠారా కచేరి ఆ రోజుల్లో కట్టిందే. ఈ జైలూ ఆ దశాబ్దం నాటిదే. తీర్పు చెప్పేందుకొక భవనం, ఆ తీర్పు అమలు చేసేందుకొకటి, కొత్త దొరతనం రెండూ ఇంచుమించు ఒకే కాలంలో లేపింది.

దీని నక్షాలో ఒక ఆలోచన ఉంది. నడిమధ్యన గుండ్రటి బురుజు. చుట్టూ, బండి చక్రం ఆకుల్లాగా, బారకాసులు. ఈ ఊహ జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్తది. 1791లో దీనిమీద ఆయన పుస్తకమే అచ్చువేశాడు. బురుజులో కూర్చున్న కావలివాడికి అందరూ కనిపించాలి, వాడు మాత్రం ఎవరికీ కనిపించకూడదు. అప్పుడు వాడు నిజంగా చూస్తున్నా, కునుకు తీస్తున్నా ఒకటే. చూస్తున్నాడేమోనన్న భయంతో ఖైదీ తనకు తానే కాపలా కాసుకుంటాడు. ఒక్క మనిషితో వందలమందిని అదుపు చేసే చౌకబేరం! పరీక్ష హాల్లో వెనకగా నిలబడి ఇదే పని మేమూ చేస్తూంటాం లెండి. ఆ బురుజు ఈనాటికీ ఉంది. వెళితే తప్పక చూడండి.

మొదటి నుంచీ ఇందులో దొంగలూ, హంతకులూ ఉన్నారు. వాళ్ళ పేర్లు చరిత్రకు ఎక్కలేదు. చరిత్రకు ఎక్కినవాళ్ళు వేరే నేరం మీద వచ్చారు.

ఇప్పుడు నది దగ్గరికి వద్దాం. నంది కొండల్లో పుట్టే ఉత్తర పినాకిని గౌరీబిదనూరు మీదుగా హిందూపురం వైపు పారి, అనంతపురం, కడప జిల్లాలు దాటి, నెల్లూరు దిగువన సముద్రంలో కలుస్తుంది. మనం పెన్న అని పిలుచుకునేది దాన్నే. దాని ఒడ్డున, మన సరిహద్దుకు కూతవేటు దూరంలో విదురాశ్వత్థం ఉంది. రావిచెట్టు, దాని చుట్టూ వందలాది నాగప్రతిమలు. మీలో చాలామంది మొక్కుకు వెళ్ళినవాళ్ళే. 1938 ఏప్రిల్ 25న అక్కడ కాంగ్రెసు జెండా ఎగరేయడానికి జనం గుమికూడారు. నిషేధాజ్ఞ ఉంది. పోలీసులు తుపాకులు పేల్చారు. సర్కారు ఒప్పుకున్నది పది ప్రాణాలు. స్థానికులు చెప్పుకునే లెక్క ముప్ఫై దాటుతుంది. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దానికి పేరు వచ్చింది. పటేల్, కృపలానీ వచ్చి మాట్లాడిన తరవాత మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండా కూడా ఎగరవచ్చని ఒప్పందం కుదిరింది.

ఆ తాలూకాలోనే హోసూరు అనే పల్లె ఉంది. 1920లో అక్కడొక పేదింట పుట్టిన నరసింహయ్య చదువుకోసం బెంగళూరు చేరాడు. 1942లో క్విట్ ఇండియా పిలుపు విని చదువు మధ్యలో వదిలి జైలుకు పోయాడు. తరవాత అమెరికాలో భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసి, నేషనల్ కాలేజీ ప్రిన్సిపాలు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు అయిన హెచ్. నరసింహయ్య గారు ఈయనే. 2005లో పోయేదాకా పెళ్ళీ, సొంత ఇల్లూ లేకుండా కాలేజీ హాస్టలు గదిలోనే ఉన్నారు. అదే క్విట్ ఇండియా రోజుల్లో హెచ్.ఎస్. దొరెస్వామి అనే యువ ఉపాధ్యాయుడు పద్నాలుగు నెలలు ఈ బెంగళూరు జైల్లో గడిపారు. 1975లో దొరెస్వామి గారిని మళ్ళీ జైల్లో పెట్టారు. ఈసారి పెట్టింది స్వతంత్ర భారత ప్రభుత్వం.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటన వెలువడింది. మర్నాడు పొద్దున బెంగళూరులో ఒక పార్లమెంటు కమిటీ పనిమీద వచ్చి ఉన్న వాజ్‌పేయి, అద్వానీ, మధు దండవతే, శ్యామ్‌నందన్ మిశ్రాలను పట్టుకుని ఈ సెంట్రల్ జైలుకే తెచ్చారు. తరవాత దేవెగౌడ గారూ ఇక్కడికే వచ్చారు. వీళ్ళలో ఇద్దరు ముందుముందు ప్రధానమంత్రులయ్యారు. ఆ సంగతి అందరికీ తెలుసు. పార్కుకు వెళ్ళినవాళ్ళకు గైడ్లు ముందుగా చెప్పేదీ అదే.

నేను చెప్పదలచుకున్నది ఆడవాళ్ళ విభాగంలో ఉన్న ఒకావిడ గురించి.

నెల్లూరివాడైన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి పేరు తెలుగు కవిత్వం చదివేవాళ్ళకు కొత్త కాదు. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అచ్చువేసి ఛందస్సును చిలిపిగా విరగ్గొట్టిన పట్టాభి ఆయనే. తరవాత సినిమాల్లోకి వెళ్ళి, 1970లో అనంతమూర్తి నవలను ‘సంస్కార’ పేరుతో కన్నడంలో తీశాడు. సెన్సారువాళ్ళు మొదట దాన్ని ఆపేశారు. విడుదలయ్యాక జాతీయ ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం తెచ్చుకుంది. కన్నడానికి అదే మొదటి స్వర్ణకమలం. తీసింది తెలుగు కవి అని మా కన్నడ సహోపాధ్యాయులకు చెప్పినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. అందులో చంద్రి పాత్ర వేసింది ఆయన భార్య స్నేహలతారెడ్డి. 1932లో పుట్టారు. మద్రాసులో నాటకాలు ఆడి, ఆడించి పేరు తెచ్చుకున్న మనిషి.

జార్జి ఫెర్నాండెజ్ ఆ దంపతులకు మిత్రుడు. ఎమర్జెన్సీలో ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళాడు. 1976 మే 2న స్నేహలతను అరెస్టు చేశారు. బరోడా డైనమైటు కేసు పేరు చెప్పారు. ఆ కేసులో అభియోగపత్రం దాఖలైనప్పుడు నిందితుల జాబితాలో ఆమె పేరు లేదు. అయినా వదల్లేదు. మీసా చట్టం కింద, విచారణ లేకుండానే ఉంచారు. ఒక్క మనిషికి సరిపోయే గది, మూలన మరుగుదొడ్డికి బదులు ఒక కంత. ఆమెకు పాతకాలపు ఉబ్బసం. బయట మందులతో, శుభ్రమైన గాలితో ఎలాగో నెట్టుకొచ్చే జబ్బు అది. మీ ఇళ్ళలో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే, చలికాలం రాత్రి వాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళుంటే, ఆ గది ఎలాంటిదో మీకు నేను వర్ణించనక్కర్లేదు. రాత్రి నిశ్శబ్దంలో ఆమె కేకలు తన గది దాకా వినిపించేవని దండవతే తరవాత రాశారు.

ఆమె డైరీ రాసుకున్నారు. అందులో తన బాధ ఉంది. దానికన్నా ఎక్కువగా తోటి ఆడఖైదీలు కనిపిస్తారు. వాళ్ళలో చాలామంది పేదవాళ్ళు, చిన్న నేరాల మీద వచ్చినవాళ్ళు. వాళ్ళను కొట్టడం చూసి ఊరుకోలేక ఆమె అధికారులతో తగువు పెట్టుకున్నారు, నిరాహారం చేశారు. కొట్టడం తగ్గింది, తిండి కాస్త మెరుగుపడింది. వాళ్ళకు పాటలు, ఆటలు నేర్పారు. నాటకం వేసే మనిషి ఎక్కడున్నా నలుగురిని కూడగట్టకుండా ఉండలేదేమో. 1977 జనవరి 15న, ఇక ఊపిరి అందని దశలో, పెరోలు మీద బయటికి పంపారు. జనవరి 20న కన్నుమూశారు. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. మధ్య ఇంచుమించు రెండు నెలలు. డైరీ ఆ ఏడే పుస్తకంగా వచ్చింది.

పట్టాభి 2006 దాకా బతికారు. 2000 నాటికి ఖైదీలను పరప్పన అగ్రహారానికి తరలించారు. పాత జైలును పార్కుగా మార్చి 2008 నవంబరులో జనానికి తెరిచారు. ధర్నాలకూ, సభలకూ అందులో ఒక మూల కేటాయించారు. 2021లో వచ్చిన ఉత్తర్వుతో బెంగళూరు నగరంలో నిరసన తెలపాలంటే ఇక్కడే తెలపాలన్నారు. జైలు ఆవరణలోనే నిరసన చేసుకోమనడం ఏమిటో, ఎవరికి తట్టిందోగాని ఈ ఏర్పాటు నాకు మాత్రం మింగుడుపడలేదు. రోడ్లు ఆగిపోతున్నాయంటారు. నిజమే, ఆంబులెన్సు ఇరుక్కుపోవడం నేనూ చూశాను. అయినా సరే.

ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకువెళ్ళాను. బురుజెక్కి చుట్టూ చూశారు, కటకటాలు పట్టుకుని ఫోటోలు దిగారు. ఆ పక్కన అంగన్‌వాడీ కార్యకర్తలు ఎండలో కూర్చుని జీతాల కోసం నినాదాలు ఇస్తున్నారు. విదురాశ్వత్థం పక్క పల్లెనుంచి వచ్చే ఒక పిల్ల వాళ్ళను చూసి, తరవాత గోడను చూసి, నన్నడిగింది: “సార్, వీళ్ళు అరిస్తే బయటికి వినిపిస్తుందా?”

మేము గేటు బయటికి వచ్చి, రోడ్డు దాటి నిలబడి విన్నాం. బస్సుల మోత. పిల్లలు చెవులు రిక్కించారు. కొందరు వినిపిస్తోందన్నారు, కొందరు లేదన్నారు.