చెన్నపురి టవునుహాలు



చెన్నపురికి పోయి తిరిగి వచ్చిన మన పూర్వులు ఇంటికడ చెప్పు ముచ్చటలలో రెండు కాలేజీల మాట తప్పక యుండెడిది. ఒకటి చచ్చిన కాలేజి. రెండవది బ్రదికిన కాలేజి. ఎగ్మూరులోని మ్యూజియమున జంతువుల యెముకలును, ఎండిన పక్షులును, మన అమరావతి స్తూపమునుండి కొనిపోయిన సున్నపురాతి శిల్పములును కదలక మెదలక యుండును గనుక అది చచ్చిన కాలేజి. పీపుల్సు పార్కులోని మృగశాలయందు పులులు గాండ్రించును, కోతులు గంతులు వేయును గనుక అది బ్రదికిన కాలేజి. అరవ పల్లెలవారును ఇదే యర్థమున సెత్త కాలేజి, ఉయిర్ కాలేజి అని వాడుకొనుచుండిరి. ఆ మృగశాల 1855లో మ్యూజియము ఆవరణమందే పుట్టి, పిదప పార్కునకు తరలి, 1985లో నగరమునకు వెలుపల వండలూరికి పోయినది. ఏ పల్లెవాని నోట పుట్టినవో గాని, అవి పండితులు పెట్టజాలని పేరులు.

ఈ రెంటితోడను నేనొక మూడవ కాలేజిని చేర్చుచున్నాను. సెంట్రల్ స్టేషనులో బండి దిగి బయటికి వచ్చి పడమరగా నాలుగడుగులు వేసినచో, ఎఱ్ఱయిటుకలతో, కమానులతో, ఒక చదరపు బురుజుతో నిలిచిన మేడ యొకటి కానవచ్చును. కాగితములలో దాని పేరు విక్టోరియా పబ్లిక్ హాలు. జనుల వాడుకలో టవునుహాలు. నేను మొదటిసారి దానిని చూచినప్పుడు నా ప్రక్క నడచుచున్న ముసలివాడొకడు, "బాబూ, ఇది దొరల గుడియా, జమీందారు కోటయా?" అని యడిగెను. ఏమి చెప్పవలెనో నాకును తెలియలేదు. తరువాత తెలిసికొన్నది నేడు మీకు మనవి చేయుచున్నాను.

పీపుల్సు పార్కు 1859–60 ప్రాంతమున గవర్నరు ట్రెవెలియను దొర పూనికపై వెలసినది. అందు ఏటేట పెద్ద సంత జరుగుచుండెడిది. రంగులరాట్నములు, గారడీలు, అంగళ్లు, బాణసంచా. 1886 డిసెంబరు 31వ తేదీని ఆ సంతలో తాటాకు పందిళ్లకు నిప్పంటుకొని వందలకొలది జనులు చనిపోయిరి. వినోదము చూడబోయినవారు బూడిదయై వచ్చిరని నగరమంతయు ఏడ్చినది. పందిళ్లలో గాక, గట్టి గోడలనడుమ జనులు కూడుకొనదగిన చోటొకటి యుండవలెనను కోరిక నగరపు పెద్దలకు అంతకు మునుపే కలిగియుండెను. దానికి శంకుస్థాపన చేసినవాడు మన తెలుగువాడే. 1883 డిసెంబరు 17వ తేదీని విజయనగర మహారాజు పూసపాటి ఆనందగజపతిరాజుగారు పునాదిరాయి వేసిరి. గురజాడ అప్పారావుపంతులుగారి కన్యాశుల్క నాటకమును ఆదరించి, 1897లో దాని యంకితమును పొందిన ప్రభువు వీరే. అరవదేశపు రాజధానిలో లేచిన రంగమందిరమునకును, విజయనగరమున ఆడిన గిరీశమునకును పోషకుడొక్కడే యని తలచినప్పుడు నాకు ముచ్చట గలుగును.

కట్టడమునకు పటము గీసినవారు చిషోం దొర. కట్టించిన మేస్త్రీ నంపెరుమాళ్లు శెట్టిగారు. స్థలమును నగరసంఘమువారు 99 ఏండ్ల కౌలుకిచ్చిరి. 1887లో విక్టోరియా రాణి పట్టమునకు వచ్చి ఏబదియేండ్లు నిండినందున ఆమె పేరు దానికి పెట్టబడెను. క్రింద నొక చావడి, మీద నొక చావడి. ఒక్కొక్కదానియందు సుమారు ఆరువందలమంది కూర్చుండవచ్చును. మీది చావడిలో కొయ్యస్తంభములపై నిలిపిన బాల్కనీ గలదు. 1897లో వివేకానందస్వామి అమెరికానుండి మరలివచ్చి ప్రసంగించినది ఇచ్చటనే. అయినను ఉపన్యాసముల చరిత్ర నాకు నేడు పనిలేదు. ఆటల చరిత్రయే చెప్పవలెను.

ఆ కాలమున వేషము కట్టుట గౌరవస్థులు చేయు పనిగాదు. ఇది మీకు నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. మా తాతగారి తమ్ముడు తన యౌవనమున ఒక నాటకములో నక్షత్రకుని వేషము వేసెనని, మా ముత్తాతగారు మూడునెలలు అతనికి పంక్తిలో విస్తరి వేయనీయలేదట. వంటయింటి వసారాలో వేరుగా పెట్టెడివారట. వీథిభాగవతమును తెల్లవారువఱకు కదలక చూచి, పాత్రలకు చదివింపులు చదివించిన పెద్దమనుష్యుడే, తన బిడ్డ మొగమునకు అర్దళము పూసికొన్నచో సహింపజాలడు. చూచుటకు తప్పులేదు, ఆడుటకే తప్పు! ఇట్టి ధర్మశాస్త్రము మన యిండ్లలోనే గాక అరవవారి యిండ్లలోను ఉండెను.

ఈ గోడను పడగొట్టినవారు వకీళ్లు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు న్యాయవాదులు, 1853లో జన్మించిరి. సరసవినోదినీసభ యను సమాజమును నెలకొల్పి, తామే నాటకములు వ్రాసి, తామే పాటలకు వరుసలు కట్టి, తామే వేషములు ధరించిరి. చదువుకొన్న మిత్రులు, ఉద్యోగులు సాయంకాలములందు కూడి అభ్యాసములు చేసెడివారు. కూలికి ఆడుటలేదు. చిత్రనళీయమువంటి పురాణకథయే గాక, విషాదసారంగధరమును రచించి, కథ దుఃఖముతో ముగియవచ్చునని తెలుగునాటకమునకు నేర్పినవారు వారే. అదే యూరిలో మఱియొక వకీలు కోలాచలం శ్రీనివాసరావుగారు సుమనోరమసభను పెట్టి చరిత్రకథలను ఆడింపజొచ్చిరి. ఒక యూరిలో ఇద్దరు వకీళ్లు పోటీపడినచో సాధారణముగా కక్షిదారులకు చేటు; ఇచ్చట మాత్రము ప్రేక్షకులకు పండుగ యయ్యెను.

1891లో ఆ బళ్లారి సమాజము చెన్నపురికి వచ్చి ఈ టవునుహాలులో తెలుగు నాటకములను ప్రదర్శించెను. చూడవచ్చినవారిలో పద్దెనిమిదేండ్ల అరవ యువకుడొకడు గలడు. పేరు పమ్మల్ సంబంధ మొదలియారు. అతనికి అంతవఱకు వీథినాటకములనిన యేవగింపు. ఆ రాత్రి రంగముమీద ప్లీడర్లును, పట్టభద్రులును వేషములు ధరించి, పండితభాషను స్పష్టముగా పలుకుచుండగా చూచి అతని మనస్సు మాఱిపోయెను. మనమేల ఇట్లు చేయరాదని మిత్రులను కూర్చుకొని, ఆ సంవత్సరమే జూలై 1వ తేదీని సుగుణవిలాససభను స్థాపించెను. ఈ సంగతి నేను అభిమానముచేత కల్పించినది గాదు. మొదలియారుగారే తమ నాటకరంగ జ్ఞాపకములలో కృతజ్ఞతతో వ్రాసికొనిరి. వారు తరువాత వకీలై, న్యాయాధిపతియై, తొంబదికి మించిన నాటకములు రచించి, 1964లో స్వర్గస్థులైరి. అరవ నాటకమున పాటలకంటె వచనమునకు ప్రాధాన్యమిచ్చిన ఘనత వారిదే.

ఇచ్చట నాకొక మాట చెప్పవలెననిపించుచున్నది. తెలుగువారికి ఈ విద్యను ఎవరు తట్టిలేపిరి? 1880 ప్రాంతమున ధారవాడ నాటకసమాజమువారు మన గోదావరీతీరమునకు వచ్చి ఆడిపోయిరి. వారు వేసి వదలిన పాకలోనే రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు విద్యార్థులచేత తమ వ్యవహారధర్మబోధినిని ఆడించిరని వాడుక. అనగా పడమటినుండి వచ్చిన నిప్పురవ్వతో మన దీపము వెలిగెను. మన దీపముతో దక్షిణపువారి దీపము వెలిగెను. ఇందు ఎవరు గొప్ప, ఎవరు తక్కువ యని పందెములు వేయువారిని చూచి నేను విసుగుచెందుచుందును.

సుగుణవిలాససభ అరవ సభయైనను అరవమునకే పరిమితము గాలేదు. తెలుగు, సంస్కృతము, ఆంగ్లము మున్నగు భాషలయందును అచ్చట నాటకములు జరిగినవి. ఆ సభతో సంబంధము పెట్టుకొన్న తెలుగువారిలో అగ్రగణ్యులు బళ్లారి రాఘవ; ధర్మవరంవారికి మేనల్లుడు, 1880లో జన్మించినవారు, వారును వకీలే. రాఘవగారు పాత్రయొక్క మనస్సును పట్టుకొని నటించెడివారు. పద్యమును సాగదీసి రాగముతో చప్పట్లు కొట్టించుకొనుట వారికి గిట్టదు. "వన్స్ మోర్" అని కేకవేయు మన యలవాటునకు వారు లొంగనందున కొందఱికి కోపము వచ్చెడిదని పెద్దలవలన విన్నాను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వారు పట్టుపట్టిరి. కులస్త్రీలను రంగమునకు తెచ్చిరి. 1928లో ఇంగ్లండునకు పోయి బెర్నార్డు షా మహాశయుని కలిసికొనిరి. 1946లో దివంగతులైరి. మగవాడు ఆడువేషమున రాణించుట మనవారికి ప్రీతి; స్థానం నరసింహారావుగారిని చూచినవారు రాఘవగారితో ఏకీభవింపలేకపోవచ్చును. ఆ తగవు నేను తీర్పజాలను.

ఇక హాలులో జరిగిన వేఱొక వింత. 1896 డిసెంబరులో స్టీవెన్సను అను ఛాయాచిత్రవ్యాపారి ఇందు కదలుబొమ్మలను చూపెను. చెన్నపురివారు తెరమీద బొమ్మలు కదలుట చూచినది అప్పుడే. మనకు తెరయన్నచో క్రొత్త యేమున్నది? తోలుబొమ్మలాటలో తెరవెనుక ఆముదపు దీపముండును. బొమ్మను ఆడించువాడును, పాడువాడును తెరవెనుకనే యుందురు. ఈ యంత్రమున దీపము ప్రేక్షకుల వెనుకనుండును. ఆడించువాడు గాని, పాడువాడు గాని కానరాడు, వినరాడు. ఆ బొమ్మలు మూగవి.

ఆ మూగబొమ్మలకు నోరు తెచ్చి యదే హాలులో వినిపింపబూనినవాడు బందరు కాపురస్థుడు రఘుపతి వెంకయ్యగారు. వీరు 1869లో జన్మించి, చిన్నవయసుననే చెన్నపురి చేరి ఫోటో స్టూడియో పెట్టి మంచి పేరు గడించిరి. 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రము సంగతి తెలిసి, స్టూడియోను తాకట్టుపెట్టి దానిని విదేశమునుండి తెప్పించిరి. వెల ముప్పదివేల రూపాయలని చెప్పుదురు. నాటి ముప్పదివేలన్నచో ఒక గ్రామపు మాగాణి యంతయు నని మీరే లెక్కకట్టుకొనవచ్చును. ఆ యంత్రమున బొమ్మ యొకచోట, మాట యొకచోట. గ్రామఫోను పళ్లెముమీద పాట ముందే పట్టియుండును. నటుడు దానిని వినుచు పెదవులు కదపగా బొమ్మను తీయుదురు. ఆడించునప్పుడు రెండును ఒక్కసారి నడువవలెను. పాట ముందు పోయినను, బొమ్మ ముందు పోయినను, పురుషుడు నోరు మూసికొన్న పిదప గానము వినవచ్చును! యంత్రము నడుపువాడు ముల్లును చూచికొనుచు వేగమును సరిదిద్దుచుండవలెను. ఒక్కొక్క తునక కొలది నిమిషములే.

వెంకయ్యగారు దీనిని టవునుహాలులో ప్రదర్శించి, పిదప పెట్టెలకెత్తుకొని ఊరూర గుడారములు వేసికొని తిరిగిరి; బర్మా, సింహళములకును పోయిరి. తిరిగివచ్చి మౌంటురోడ్డున గెయిటీ థియేటరును కట్టిరి. చెన్నపురిలో భారతీయుడు కట్టించిన మొదటి సినిమాహాలు అది. తరువాత మింటువీథిలో క్రౌను, పురసవాకమున గ్లోబు. కుమారుడు ప్రకాశును సీమకు పంపి పని నేర్పించి, 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్టు అను కంపెనీ పేర భీష్మప్రతిజ్ఞ యను మూగచిత్రమును తీయించిరి. బందరు బిడ్డడు మొదలుపెట్టిన యీ పనితో దక్షిణదేశపు చిత్రపరిశ్రమ వేరూనుకొన్నది. కాని చేతిలో డబ్బు నిలువలేదు. కట్టిన మూడు హాళ్లును వారి వంశమున మిగులలేదు. 1941లో వారు చనిపోవునాటికి తెలుగు టాకీలు ఊరూర ఆడుచుండెను. వాటి లాభములు వేఱొకరివి. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వారి పేర పురస్కారము నెలకొల్పినది తరువాతి కాలపు మాట. గెయిటీ భవనమును ఈ శతాబ్దారంభమున పడగొట్టిరి.

సినిమా బలిసిన కొలదియు టవునుహాలులో నాటకములు పలుచబడెను. సుగుణవిలాససభ మౌంటురోడ్డున స్వంత గృహమునకు తరలిపోయెను. బల్లులు, పావురములు మాత్రము హాలును విడువలేదు. ప్రక్కనున్న మూరుమార్కెట్టు 1985లో అగ్నికి ఆహుతి యయ్యెను. 1886నాటి మంటలను తప్పించుకొన్న యీ చోటు అప్పుడును తప్పించుకొన్నది. కౌలు తగవులు, కోర్టు వ్యవహారములు చాలకాలము నడచినవి. వకీళ్లు మొదలుపెట్టిన కథలో వకీళ్లే తుదిపాత్రలు ధరించుట న్యాయమే కదా! 2023లో నగరసంఘమువారు దాని జీర్ణోద్ధరణము చేపట్టిరి.

ఒక్క సంగతి మఱచితిని. ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1912లో పరమపదించిరి. వారు మాటాడు బొమ్మను చూచిరో లేదో తెలియదు. వారి నాటకములలో భక్తప్రహ్లాద యొకటి. సురభివారు దానిని చాలకాలము ఆడిరి. ఆ నాటకమునే ఆ సురభివారితోనే హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో టాకీగా తీసిరి. 1932 ఫిబ్రవరి 6వ తేదీని బొంబాయి కృష్ణా థియేటరులో అది విడుదలయ్యెను. పూర్తిగా తెలుగున మాటాడిన మొదటి చిత్రము అదియే.